గీజర్ రోజంతా ఆన్‌లో ఉంచాలా, స్నానానికి ముందు వేయాలా? మన బోరు నీళ్ళకు ఏది మేలు?

థర్మోస్టాట్ ఉంది కదా అని గీజర్‌ను రోజంతా ఆన్‌లో వదిలేసే ఇళ్ళు నల్లగొండలో చాలానే ఉన్నాయి. నా మాటైతే, మన దగ్గర ఆ పద్ధతి వద్దు.

15 లీటర్ల గీజర్, 2 కిలోవాట్ల కాయిల్ అనుకోండి. చలికాలం పొద్దున 20 డిగ్రీలున్న నీళ్ళు 60కి చేరడానికి 20 నిమిషాల పైనే పడుతుంది, సుమారు 0.7 యూనిట్ కాలుతుంది. 60 రాగానే థర్మోస్టాట్ కరెంటు ఆపేస్తుంది. ఇంతవరకు రెండు పద్ధతులూ ఒకటే. తేడా ఆ తర్వాతే. ఎవరూ నల్లా తిప్పకపోయినా ట్యాంకులోని వేడి మెల్లగా పోతూనే ఉంటుంది. కొన్ని డిగ్రీలు తగ్గగానే థర్మోస్టాట్ టక్కుమని మళ్ళీ కరెంటు ఇస్తుంది. అర్ధరాత్రి కూడా ఇదే తంతు. వేడి ఎంతుండాలో పెట్టే నాబ్ 75 మీద ఉంటే మరీ ఎక్కువ.

"పూర్తిగా చల్లారాక మళ్ళీ కాచడానికే ఎక్కువ కరెంటు" అని చాలామంది నమ్మకం. అది నిజం కాదు. మళ్ళీ కాచేటప్పుడు నింపాల్సింది పోయిన వేడిని మాత్రమే. ట్యాంకు ఎప్పుడూ వేడిగా ఉంటే పోయే వేడే ఎక్కువ. ఉచిత కరెంటు ఇచ్చే గృహజ్యోతి పథకంలో 200 యూనిట్ల హద్దు దగ్గర ఉండే కుటుంబాలకు ఈ లెక్క చిన్నదేం కాదు.

అసలు సంగతి నీళ్ళది. ఫ్లోరైడ్ గురించి అందరికీ తెలుసు గానీ, గీజర్‌ను పాడుచేసేవి బోరు నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం. మిషన్ భగీరథ నల్లా నీళ్ళు తాగడానికి, వంటకు పట్టుకొని స్నానానికి బోరే వాడే ఇళ్ళకు ఈ బాధ తప్పదు. నీళ్ళు వేడెక్కేకొద్దీ సున్నం విడిపోయి కాయిల్‌కు అంటుకుంటుంది, 60 దాటితే ఇంకా వేగంగా. కొన్ని చలికాలాలు నడిచిన గీజర్‌ను మెకానిక్ విప్పినప్పుడు దగ్గరుండి చూడండి. కాయిల్ చుట్టూ తెల్లటి పెంకు కట్టి ఉంటుంది, స్క్రూడ్రైవర్‌తో తడితే పలకలుగా రాలుతుంది. నీళ్ళకు వేడి అందక కాయిల్ లోపలే మాడిపోతుంది. థర్మోస్టాట్ దూరే గొట్టానికీ ఆ పెంకు పడితే వేడి దానికి ఆలస్యంగా తెలుస్తుంది, కాయిల్ అవసరానికి మించి నడుస్తుంది.

అందుకే నాబ్ 55, 60 మధ్య పెట్టి, స్నానానికి అరగంట ముందు స్విచ్ వేసి, అయ్యాక బంద్ చేయడమే మేలు. కరెంటు మిగులుతుందని నాబ్‌ను 40కి దించొద్దు, గోరువెచ్చగా నిల్వ ఉన్న నీళ్ళలో ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లెజియొనెల్లా బ్యాక్టీరియా పెరిగే వీలుంది. ఒకరి తర్వాత ఒకరు స్నానం చేసే పెద్ద కుటుంబమైతే పొద్దున ఆ రెండు గంటలూ ఆన్‌లో ఉంచుకోవచ్చు, థర్మోస్టాట్ ఉన్నది దానికే. 3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్ వంటింటి సింక్‌కు బాగుంటుంది, బకెట్ స్నానాలకు నిదానం.

ఇంకొక్కటి. థర్మోస్టాట్ పాయింట్లు అతుక్కుపోతే కరెంటు ఆగదు, నీళ్ళు మరిగిపోతాయి. అప్పుడు కాపాడేది లోపలి కటౌట్, అంటే వేడి హద్దు దాటితే కరెంటు తెంచే స్విచ్. అది మాటిమాటికీ పడిపోతుంటే బటన్ నొక్కి మళ్ళీ నడిపించొద్దు, ముందు థర్మోస్టాట్ మార్పించండి.