సికింద్రాబాద్‌లో పిల్లల ఫుట్‌బాల్ కోచింగ్, ఏడాదిన్నర పంపించాక రాస్తున్నా

మా బాబుని తొమ్మిదేళ్లప్పుడు ఇక్కడ చేర్పించాం, ఇప్పుడు పదిన్నర. అంతకుముందు వేరే చోట మూడు నెలల ఫీజు ఒకేసారి కట్టాం, ముప్పై మంది పిల్లలకి రెండు బాల్స్, సగం టైమ్ లైన్లో నిలబడటమే, మానిపించేశాం.

ఇది కంటోన్మెంట్ వైపు మట్టి గ్రౌండ్. సార్ పేరు రాయను, ఆయనకి నచ్చదు, ఆ చుట్టుపక్కల ఎవర్నడిగినా చూపిస్తారు. అరవై దాటాయి, చిన్నప్పట్నుంచి ఆ గ్రౌండ్‌లోనే ఆడి, డిపార్ట్‌మెంట్ టీమ్‌కి ఆడి, రిటైరయ్యాక కూడా పొద్దున్నే ఐదున్నరకల్లా వచ్చి సున్నంతో లైన్లు ఆయనే గీసుకుంటారు.

గురువారం అంతా ఎడమ కాలి ఆటే. కుడి కాలు తగిలిందా, విజిల్, బాల్ అవతలి టీమ్‌కి. మావాడు మొదటి వారం బాల్ చుట్టూ తిరిగి మరీ కుడి కాలు పెట్టేవాడు, సార్ "ఎడమ కాలు ఇంట్ల పెట్టొచ్చినవారా?" అని, తిట్టకుండా, కింద కూర్చుని వాడి మడమ పట్టుకుని పాదం ఎటు తిప్పాలో చూపించారు. మూడో నెలలో వాడు ఎడమతో పక్క నుంచి గోల్ ముందుకి క్రాస్ కొడితే నేను బైక్ మీంచి దిగి చప్పట్లు కొట్టా.

ఈ పద్ధతి రహీమ్ సాబ్‌దట. స్కూల్ టీచర్‌గా పనిచేసిన మన హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీమ్, సిటీ పోలీస్ టీమ్‌కి కోచ్, ఆ టీమ్ 1950 నుంచి 54 దాకా వరసగా 5 సార్లు బొంబాయి రోవర్స్ కప్ టోర్నమెంట్ కొట్టింది, ఆయన కోచింగ్‌లోనే ఇండియా 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో గోల్డ్. ఎడమ కాలి ఆటలు, డ్రిబ్లింగ్ (బాల్‌ని కాలితో తోసుకుంటూ పోవడం) లేని ఆటలు ఆయన అప్పట్లోనే పెట్టించారు. సికింద్రాబాద్ పక్కనున్న అమ్ముగూడ నుంచి వెళ్లి 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ కొట్టిన తులసీదాస్ బలరాం గురించి కూడా సార్ నీళ్ల బ్రేక్‌లో చెప్తుంటే పిల్లలు నోరు తెరుచుకుని వింటారు, ఎందుకంటే అమ్ముగూడ వాళ్లకి తెలిసిన ఊరు.

నాకు అన్నిటికంటే నచ్చింది ఆదివారం. సార్ దగ్గర ఇరవై ఏళ్ల కింద నేర్చుకున్నవాళ్లు, ఆటో నడిపే అన్న, బ్యాంకులో చేసే అన్న, అందరూ వచ్చి పిల్లలతో కలిసి ఆడతారు. చెట్టు కింద ఒక బియ్యం సంచి ఉంటుంది, కాలికి చిన్నవైపోయిన షూస్ అందులో వేస్తారు, కావాల్సినవాళ్లు అడక్కుండానే తీసుకోవచ్చు. మావాడి మొదటి స్టడ్స్ అందులోవే.

ఇబ్బందులూ ఉన్నాయి. టాయిలెట్ లేదు, ఆడపిల్లల తల్లిదండ్రులకి ఇది నిజంగా కష్టం, వాళ్ల కోసమైనా ఏదో ఒక ఏర్పాటు చేయాలి. వానాకాలంలో గ్రౌండ్ బురదైతే క్లాస్ లేదన్న మెసేజ్ ఒక్కోసారి మనం బయల్దేరాక వస్తుంది. పార్కింగ్ రోడ్డు పక్కనే.

చేర్పించేవాళ్లు ఆరింటికి పది నిమిషాల ముందే వెళ్లండి, ముంగాళ్లకి దెబ్బ తగలకుండా పెట్టుకునే షిన్ గార్డ్స్ కచ్చితంగా కొనండి, పన్నెండేళ్ల లోపు వాళ్లకి ఇంట్లో ప్రాక్టీస్‌కి సైజ్ 4 బాల్ చాలు, షాపువాడు 5 అంటగడతాడు, తీసుకోకండి. షూస్ మాత్రం ముందు ఆ సంచిలో చూసుకున్నాకే కొనండి.