సురభి మాయాబజార్: సినిమా చూసేశాం కదా అనుకునేవాళ్లకి

సినిమా మాయాబజార్ అందరికీ కంఠతా వచ్చు, ఇక సురభి నాటక సమాజం వాళ్లు ఆడే నాటకంలో కొత్తగా చూసేదేముంటుందని టికెట్ దగ్గర ఆగిపోయేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్ల కోసమే ఇది రాస్తున్నా. వెళ్లండి. అక్కడ కెమెరా చేసిన మాయ అంతా ఇక్కడ తెర వెనక మనుషులు తాళ్లు, తీగలు పట్టుకుని చేస్తారు, రీటేక్ ఉండదు. నారదుడు మేఘాల్లోంచి కిందకి దిగుతాడు. రెండు బాణాలు గాల్లో ఎదురెదురుగా వచ్చి తగులుకుంటే నిప్పురవ్వలు రాలతాయి. ఇక ఘటోత్కచుడు విందు ముందు కూర్చుని నోరు తెరవగానే లడ్డూలు వాటంతటవే లేచి నోట్లోకి వెళ్లే సీన్‌కి హాల్లో పిల్లలే కాదు పెద్దవాళ్లు కూడా కేకలు పెడతారు. తీగ ఉందని తెలిసి వెతికినా కనపడదు, ఆ లైటింగ్ అలా పెడతారు. ఒక్క క్షణం అటూ ఇటూ అయితే లడ్డూ ముక్కుకి తగులుతుంది, అంత లెక్కగా చేస్తున్నారంటే ఆ సాధన ఎంతుంటుందో ఆలోచించండి.

ఈ పని వాళ్లకి ఇంట్లోనే అబ్బుతుంది. తోలుబొమ్మలాట ఆడించే కుటుంబాల నుంచి వచ్చిన వనారస గోవిందరావు గారు 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఒక పెళ్లిలో కీచకవధ ఆడించారు, ఊరి పేరే సమాజం పేరైంది. ఆడవేషాలు కూడా మగవాళ్లే కట్టే కాలంలో వీళ్లు ఆడవాళ్లనే స్టేజీ ఎక్కించారు. మొన్నమొన్నటి వరకు దీన్ని భుజాన మోసిన ఆర్. నాగేశ్వరరావు (బాబ్జీ) గారికి 2013లో పద్మశ్రీ వచ్చింది, 2022లో ఆయన పోయారు. ఇప్పటికీ నటించేదీ, తెరలు లాగేదీ ఎక్కువగా ఆ కుటుంబాలవాళ్లే.

నాకు మాయల కంటే ఎక్కువ నచ్చింది పద్యాలు. పక్కన హార్మోనియం, తబలా వాయిస్తుంటే నటుడు నిలబడి పద్యం ఎత్తుకుని, ఆఖర్న రాగం తీస్తూ తీస్తూ ఉంటే జనం చప్పట్లు కొట్టకుండా ఉండలేరు. రీల్స్‌కి అలవాటుపడ్డ చెవికి మొదట్లో కొంచెం నెమ్మదిగా అనిపించొచ్చు, హాస్యం కూడా పాతకాలం పద్ధతిలో కాస్త మోటుగానే ఉంటుంది, కానీ పావుగంట ఓపిక పడితే ఆ నడకలో పడిపోతాం. రంగులేసిన తెరలు ఒకదాని వెనక ఒకటి జారుతూ అంతఃపురం కాస్తా అడవి అయిపోవడం నాకైతే ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

మైకుల సంగతి హాలుని బట్టి ఉంటుంది. నేను చూసిన ఒక హాల్లో వెనక వరుసలకి మాటలు సగం వినపడలేదు, పద్యం అర్థం కాకపోతే సగం నాటకం పోయినట్టే. అలాగని మరీ ముందు వరుసలో కూర్చుంటే పైనుంచి దిగేవి చూడ్డానికి మెడ నొప్పి. మధ్యలో సీటు చూసుకోండి, టైముకి ముందే వెళ్లండి, పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్లండి. ఫోన్ ఫ్లాష్ మాత్రం దయచేసి వేయొద్దు, ఆ వెలుగు పడితే తీగలు కనపడిపోతాయి, వాళ్ల కష్టమంతా వృథా అవుతుంది.