అల్మోడా పాత బజారులో కాలినడక పర్యటన: ఒక సమీక్ష

ఉత్తరాఖండ్‌లోని కుమావూ ప్రాంతంలో, కోసీ, సుయాల్ నదుల నడుమ గుర్రపు జీను ఆకారంలో సాగిన కొండ వరుసపై సుమారు 1,640 మీటర్ల ఎత్తున ఉన్న అల్మోడాను వాహనంలో చూడడం దాదాపు వృథా ప్రయాస. చంద్ వంశపు రాజులు 16వ శతాబ్దంలో రాజధానిని చంపావత్ నుంచి ఇక్కడికి మార్చాక పెరిగిన ఈ పట్టణపు అసలు స్వరూపం పాత బజారులోనే కనిపిస్తుంది కనుక, స్థానిక యువకులు నిర్వహించే కాలినడక పర్యటనను ఎంచుకోవడం సమంజసమే.

పర్యటనలో అత్యుత్తమ భాగం తామ్రకారుల వీధి. తరతరాలుగా రాగి పని చేస్తున్న టమ్టా కుటుంబాలవారు రేకును సుత్తితో కొట్టి నీటి బిందెలను మలిచే తీరును, యంత్రాలపై తయారయ్యే చవక పాత్రల వల్ల వారి గిరాకీ తగ్గిన వైనాన్ని మార్గదర్శి తొందరపడకుండా వివరించారు. నగిషీ చెక్కిన దేవదారు తలుపులు, కిటికీలున్న పాత ఇళ్ల వద్ద కూడా తగినంత సమయం ఇచ్చారు. గోధుమ రంగు వచ్చేవరకు కోవాను వేయించి, తెల్లని చక్కెర గుళికలు అద్దే బాల్ మిఠాయి రుచి చూపించారు. నాకైతే మాలు ఆకులో చుట్టి ఇచ్చే సింగోరీయే మిన్నగా అనిపించింది.

నందాదేవి ఆలయాన్ని మాత్రం హడావుడిగా ముగించారు. దారిలో నిటారు మెట్లు ఎక్కువని ముందే చెప్పకపోవడం వల్ల బృందంలోని వృద్ధులు ఇబ్బంది పడ్డారు. మోకాళ్ల నొప్పులున్నవారు ఈ విషయం అడిగి తెలుసుకున్నాకే రుసుము చెల్లించాలి.