ఉలవపాడు మామిడిని గడ్డిలో మాగేస్తే మేలా, ఎథిలిన్ గదిలోనా?

ఉలవపాడు దగ్గర హైవే పక్కన పెట్టిన బంగినపల్లి బుట్టలన్నిటికీ రంగు ఒకటే. ముచ్చిక దగ్గర వాసన చూస్తే మాత్రం ఒక్కో బుట్టది ఒక్కో తీరు. కాయను ఎప్పుడు కోశారు, ఎలా మాగేశారు అన్నదాంట్లోనే ఈ తేడా అంతా ఉంది.

మామిడి కోశాక కూడా పండుతుంది. కాయలోంచి ఎథిలిన్ అనే వాయువు తనంతట తానే పుడుతుంది. అది మొక్కల హార్మోను. అది పని మొదలుపెట్టాకే పిండి పదార్థం చక్కెరవుతుంది, కండ మెత్తబడుతుంది, పచ్చి సొన వాసన తగ్గి పండు వాసన వస్తుంది.

వరిగడ్డిలో వేస్తే బయటి నుంచి మనం ఇచ్చేదేమీ లేదు. కాయలు వదిలిన ఎథిలిన్‌నే గడ్డి కొంత పట్టి ఉంచుతుంది. దాదాపు వారం పడుతుంది. అన్నీ ఒకేసారి పండవు, కొన్నిటికి నల్లమచ్చ వస్తుంది, రోజూ చూసి ఏరుకోవాలి. ఇంట్లో తినడానికైతే ఇది నష్టం కాదు, రోజుకు నాలుగు పండ్లు వస్తే చాలు కదా. మా ఇంటికైతే నేను గడ్డినే ఎంచుకుంటాను. కానీ రోహిణి కార్తెలో రేకుల షెడ్డు కింద మాత్రం వద్దు. వేడి 35 డిగ్రీలు దాటితే తొక్క రంగు సరిగా తిరగదు, రుచీ చెడుతుంది. మన దగ్గర మే నెలలో 40 మామూలే. నీడగా, గాలి ఆడే గదిలో పల్చగా పరవాలి.

ఎథిలిన్ గదిలో ఈ వేడి బాధ లేదు. 20 నుంచి 22 డిగ్రీల చల్లదనం, 90 శాతం పైగా తేమ, ఒక రోజు పాటు ఎథిలిన్, మధ్యమధ్యలో బొగ్గుపులుసు వాయువును బయటికి పంపడం. నాలుగైదు రోజుల్లో కాయలన్నీ ఒకే తీరుగా వస్తాయి. 100 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు 100 భాగాలు) వరకు ఎథిలిన్ వాడడానికి ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అనుమతి ఉంది. టన్నుల లెక్కన చెన్నైకి పంపే వ్యాపారికి గడ్డి కుదరదు, అతనికి గదే మేలు.

గదిలో పండినదానికి వాసన ఉండదని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. అసలు తప్పు లేతకాయ కోయడంలో ఉంది. సీజన్ మొదట్లో రేటు బాగుందని ముదరకముందే కోసేస్తారు. ఎథిలిన్ కాయకు పండమని చెప్పగలదు గానీ, అందులో లేని సరుకును నింపలేదు.

ఎథెఫాన్ కూడా ఎథిలిన్ ఇచ్చే మందే. పండుకు తగలకుండా చిన్న ప్యాకెట్లలో పెట్టి వాడవచ్చు. ఆ ద్రావణంలో కాయల్ని ముంచడం మాత్రం నిబంధనలకు విరుద్ధం. ఇక కార్బైడ్‌ను ఈ పోలికలోకి తేవడమే తప్పు. అందులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలుంటాయి, పండ్లు మగ్గబెట్టడానికి దాన్ని వాడడం నిషేధం. తొక్క పసుపు రంగుకు తిరుగుతుంది, లోపల కండ పుల్లగా, తెల్లగానే ఉండిపోతుంది.

అందుకే మాగేసేముందే కాయను చూసుకోవాలి. ముదిరిన కాయకు భుజాలు ముచ్చిక కంటే పైకి లేచి ఉంటాయి. అనుమానంగా ఉంటే బకెట్ నీళ్లలో వేయండి. మునిగినవి గడ్డికైనా గదికైనా పనికొస్తాయి. తేలినవి చేపల పులుసులోకి వాడుకోండి.