ఫోర్ట్ రాస్ వైన్యార్డ్: కింద పొగమంచు, పైన ఎండ

కాలిఫోర్నియా బే ఏరియాలో ఉండే మనవాళ్లు వైన్ అనగానే నాపా లోయకే పరిగెడతారు. నేనైతే సొనోమా తీరంలో, జెన్నర్ ఊరి దగ్గరున్న ఈ ద్రాక్షతోటకి వెళ్లమంటాను. దారంతా మలుపులే, ఫోన్ సిగ్నల్ అంతంతమాత్రం, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

సముద్రం ఇంత దగ్గరగా ఉంటే ఆ చలికి ద్రాక్ష ఎలా పండుతుందా అనుకున్నాను. కిటుకంతా ఎత్తులో ఉంది. తోట 1,200 అడుగుల పైన, పొగమంచేమో మామూలుగా 900 అడుగుల దగ్గరే ఆగిపోతుంది. మేం వెళ్లిన రోజు కింద పాలు పోసినట్టు తెల్లగా మంచు, మా నెత్తిన చురుక్కుమనే ఎండ, చెవుల్లో హోరుగాలి. ఎండకి పండు పండుతుంది, కానీ పసిఫిక్ చల్లగాలి వల్ల నిదానంగా పండుతుంది కాబట్టి పులుపు పోదు. గాలి తాకిడికి కాయ చిన్నదై తొక్క మందమవుతుంది. రంగూ వగరూ ఎక్కువగా ఉండేది ఆ తొక్కలోనే.

నల్లద్రాక్షతో చేసే వీళ్ల రెడ్ వైన్ పినో న్వార్‌లో ఇదంతా నాలుకకి తెలుస్తుంది: ముందు చెర్రీ, ఆ వెంటనే బుగ్గల లోపల జివ్వుమనే పులుపు, చివర్లో తడిమట్టి వాసన. వెచ్చటి లోయల్లో పండిన పినోలో నాకు ఆ జివ్వు ఎప్పుడూ దొరకలేదు. యజమానులది దక్షిణాఫ్రికా, అందుకే అక్కడి ద్రాక్ష రకం పినోటాజ్ కూడా వేశారు, అదీ అడిగి రుచి చూడండి.

బండి నడిపేవాళ్లు మాత్రం తాగొద్దు, కొండ దిగేటప్పుడు ఆ మలుపులు మామూలువి కావు.