సీట్లో కునుకు, బంకులో నిద్ర: రాత్రి ఫ్లైట్లలో పైలట్ల విశ్రాంతిపై సమీక్ష

అర్ధరాత్రి దాటాక శంషాబాద్‌లో బయల్దేరి, గల్ఫ్‌లో దిగి, తెల్లారేసరికి తిరిగొచ్చే ఫ్లైట్లలో ఉండేది ఇద్దరే పైలట్లు. బంకు, అంటే విడిగా పడుకునే మంచం, ఉండదు. ఉన్నదల్లా కాక్‌పిట్ సీట్లోనే వంతులవారీగా తీసే కునుకు, అంటే కంట్రోల్డ్ రెస్ట్. చాలాకాలంగా వాడుతున్న పైలట్లుగా మా మాట: పద్ధతి ప్రకారం చేస్తే గాల్లో ఇంతకు మించిన ఉపాయం లేదు. కాకపోతే దీని మంచిచెడ్డలన్నీ లేచాక వచ్చే 20 నిమిషాల్లోనే తేలతాయి.

విశ్రాంతి 45 నిమిషాలకు మించకూడదన్నది యూరప్ మార్గదర్శకాల్లో ఉన్న లెక్క. నిద్రలోకి జారడానికి పదీపదిహేను నిమిషాలు పోతే, అసలు నిద్ర అరగంటకు అటూ ఇటూగా ఉంటుంది. అది దాటితే గాఢనిద్రలోకి వెళ్లిపోతాం. అందులోంచి లేపితే మనిషి లేస్తాడు గానీ బుర్ర లేవదు. నాసా 1994లో ప్రచురించిన అధ్యయనంలో 40 నిమిషాల అవకాశమిస్తే పైలట్లు సగటున 26 నిమిషాలు నిద్రపోయారు. విశ్రాంతి దొరకనివాళ్ల కంటే వాళ్లు ఆ తర్వాత స్పష్టంగా చురుగ్గా ఉన్నారు. ఇంత తెలిసినా అమెరికా తమ ఎయిర్‌లైన్స్‌కు దీన్ని ఇప్పటికీ అనుమతించలేదు.

లేచాక 20 నిమిషాలు కంట్రోల్స్ చేతికివ్వకూడదు. అంటే ఒక్కొక్కరికి 65 నిమిషాలు, ఇద్దరికీ 130. దుబాయ్ ఫ్లైట్లో పైకెక్కడానికి, కిందికి దిగడానికి పోయే సమయం తీసేస్తే ఇది బొటాబొటిగా సరిపోతుంది. మస్కట్ లాంటి దగ్గరి సెక్టార్లో, అంటే ఒకవైపు ప్రయాణంలో, ఒక్కరికే వీలవుతుంది. అలాంటప్పుడు ల్యాండింగ్ చేసేవాళ్లే పడుకోవాలి. రేడియోలో ముంబై ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ నుంచి మస్కట్ కంట్రోల్‌కి మారే సమయంలో ఎవరినీ లేపేలా పెట్టుకోవద్దు. మేలుకున్నవాళ్లు రేడియోలో ఉంటారు, లేచినవాళ్లకు పరిస్థితి చెప్పే తీరిక దొరకదు.

పడుకునే ముందు బాత్రూముకి ఇద్దరూ వెళ్లొచ్చేయాలి. మేలుకోవాల్సినవాళ్లు తర్వాత సీటు వదలడానికి లేదు. ఎన్నింటికి లేపాలి, ఏం జరిగితే ముందే లేపాలి, ఇంజిన్ ఆగితే ఎటు మళ్లాలి అనేవి మాట్లాడుకోవాలి. పడుకునేవాళ్ల సీటు పూర్తిగా వెనక్కి జరపాలి, నిద్రలో కాలు చాచినా రడ్డర్ పెడల్ తగలకూడదు. భుజాల బెల్టు పెట్టుకునే ఉండాలి. కళ్లగంతలు, ఇయర్‌ప్లగ్స్ మంచివే. మెడ దిండు మాత్రం చూసి కొనండి. లావుగా ఉంటే ఆక్సిజన్ మాస్క్ తగిలించుకోవడానికి అడ్డొస్తుంది, దాన్ని ఒంటిచేత్తో 5 సెకన్లలో పెట్టుకోగలగాలి.

ఎక్కువగా దెబ్బతినేది మేలుకుని ఉండాల్సినవాళ్ల దగ్గర. 2024 జనవరి 25న ఇండోనేషియాలో బాటిక్ ఎయిర్ ఎ320లో ఒకరు అనుమతి తీసుకుని పడుకుంటే, రెండోవారికీ తెలియకుండానే నిద్ర పట్టేసింది. 28 నిమిషాలు ఇద్దరూ నిద్రలోనే ఉన్నారు. బోయింగ్ 777, 787ల్లో పైలట్ కాసేపు ఏ బటనూ ముట్టకపోతే ‘పైలట్ రెస్పాన్స్’ అని హెచ్చరిక వస్తుంది. మామూలు ఎ320లో అది లేదు, క్యాబిన్ సిబ్బంది ఇంటర్‌కమ్‌లో చేసే కాల్ ఒక్కటే దిక్కు. ప్రతి 15 నిమిషాలకూ ఒక కాల్ చేయమని క్యాబిన్ ఇన్‌ఛార్జికి ముందే చెప్పాలి. ‘అంతా ఓకేనా సార్’ అని అడిగితే సగం నిద్రలోనూ ‘ఓకే’ అనేస్తారు. దిగడానికి ఇంకా ఎంతసేపు అని అడగమనండి, చూసి చెప్పాల్సి వస్తుంది.

ఇక నిద్రమత్తు. 2011 జనవరిలో ఎయిర్ కెనడా బోయింగ్ 767 ఫస్ట్ ఆఫీసర్ (కో-పైలట్) 75 నిమిషాల తర్వాత లేచి, శుక్రగ్రహాన్ని ఎదురొచ్చే విమానమనుకుని తమ విమానం ముక్కు కిందికి తోశారు. 16 మందికి గాయాలయ్యాయి. మనకు మరింత దగ్గరిది 2010 మే 22 నాటి మంగళూరు ప్రమాదం. 158 మంది పోయారు. దుబాయ్ నుంచి వస్తూ కెప్టెన్ చాలాసేపు నిద్రపోయారని, ఆ మత్తు ఆయన నిర్ణయాలపై ప్రభావం చూపి ఉండొచ్చని విచారణ నివేదిక చెప్పింది. అందుకే లేచిన వెంటనే లైటు పెంచాలి, నీళ్లు తాగాలి, ఇంధనం లెక్క మీరే చూసి పైకి చదవాలి. అంకె తడబడితే ఇంకో 10 నిమిషాలు ఆగాలి. మొహమాటపడి ‘నేను రెడీ’ అనడమే ఇక్కడ అసలు ప్రమాదం.

కాఫీ పనిచేయడానికి 20, 30 నిమిషాలు పడుతుంది కాబట్టి పడుకునే ముందే తాగితే లేచేసరికి అందుకుంటుంది. కానీ ఐదు గంటల తర్వాత కూడా సుమారు సగం ఒంట్లోనే ఉంటుంది. తిరుగు ప్రయాణంలో తాగితే పగటి నిద్ర పోయినట్టే.

బంకు సంగతి వేరు. అమెరికాకు ఆగకుండా వెళ్లే ఫ్లైట్లకు నలుగురు పైలట్లు, క్యాబిన్ పైకప్పు మీద రెండు మంచాలు. పడుకోవడానికి నిజంగా బాగుంటుంది, కానీ గాలిలో తేమ 20 శాతం లోపే ఉండటంతో గొంతు ఎండిపోతుంది. బెల్టు దుప్పటి పైనుంచి పెట్టుకోవాలి. తెల్లవారుజామున 2 నుంచి 6 మధ్య వచ్చే వంతు బంగారం, సాయంత్రం పూట వచ్చేది చాలావరకు వృథా. గాఢనిద్ర పడుతుంది కాబట్టి సీట్లోకి రావడానికి కనీసం అరగంట ముందే లేవాలి.

ఇవేవీ ఇంటి నిద్ర లోటు పూడ్చవు. శంషాబాద్‌కి దూరంగా కొంపల్లి వైపు ఉండేవాళ్లకు క్యాబ్ వచ్చేది రిపోర్టింగ్‌కి, అంటే డ్యూటీలో హాజరయ్యే టైముకి, చాలా ముందు. అలసట లెక్క రిపోర్టింగ్ నుంచి కాకుండా పొద్దున నిద్ర లేచిన గంట నుంచి వేసుకోవాలి. సాయంత్రం ఆరు తర్వాత పడుకుందామంటే ఒళ్లు ఒప్పుకోదు. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి గంటన్నర పడుకోండి, వినాయక చవితి మైకులున్న రోజుల్లో అయినా సరే, లోపలి గదిలో. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కొత్త నిబంధనలు వారపు విశ్రాంతిని 36 నుంచి 48 గంటలకు పెంచాయి. రాత్రి డ్యూటీ ల్యాండింగులను రెండుకు తగ్గించాయి. ఇది మాకు నిజమైన ఊరట. అయినా ఒకే సెక్టార్లో ప్రతిసారీ కునుకు తీయక తప్పడం లేదంటే తప్పు రోస్టర్‌లో, అంటే డ్యూటీలు వేసిన పట్టికలో, ఉంది. కంపెనీకి ఫెటీగ్ రిపోర్ట్ (అలసట ఫిర్యాదు) రాయండి. లేచిన సమయం, గడిచిన 24, 48 గంటల్లో ఎంత నిద్రపోయారు, కునుకు ఎన్నింటికి తీశారు, మూడూ అందులో ఉండాలి.