జాగ్రత్త: ‘ఏడు పుస్తకాల ఫుల్ సెట్’ అంటే నమ్మి డబ్బులిచ్చేయకండి

బెంగళూరులో ఉండే తెలుగు పాఠకులకు ఒక హెచ్చరిక. ఎం.జి. రోడ్డు వైపు ఫుట్‌పాత్ మీద ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ నవలల సెట్టు, ఏడు పుస్తకాలూ ప్లాస్టిక్ కవర్లో సీలు వేసి 1,200కి అమ్ముతుంటే కొన్నాను. కథంతా ఇందులో ఉందన్నారు. కథంతా లేదు సరే, ఉండాల్సిన కథ కూడా సగంసగమే ఉంది.

ముందు లెక్క చెబుతాను, మోసం అక్కడే మొదలవుతుంది. ఈ వరసలో జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ నవలలు ఇప్పటిదాకా వచ్చినవి ఐదే. మొదటిది 1996లో, ఐదోది 2011లో. మూడోదీ ఐదోదీ మరీ లావు కావడంతో బ్రిటిష్ పేపర్‌బ్యాక్‌లో వాటిని రెండేసి భాగాలు చేశారు. మన షాపుల్లో కనిపించే సెట్లు ఎక్కువగా ఇవే. ఐదు కాస్తా ఏడైంది అలా. తమాషా ఏమిటంటే మార్టిన్ అనుకున్న మొత్తం కూడా ఏడు నవలలే, అమ్మేవాళ్ళకి ఇది భలే కలిసొచ్చింది. ఆరోది ‘ది విండ్స్ ఆఫ్ వింటర్’ ఇంకా అచ్చుకే రాలేదు. ఏడోదాని ఊసే వద్దు.

అమ్మినాయన మనవాడే, చిత్తూరు యాస. “ఫుల్ సెట్ సార్, ఏడుకి ఏడూ ఉండాయి. సీరియలే అయిపోయింది, బుక్కులు అయిపోకుండా ఉంటాయా?” అన్నాడు. ఈ నవలల మీద తీసిన టీవీ సీరియల్ 2019లో ముగిసిన మాట నిజం. కానీ అది పుస్తకాల్ని దాటి ముందుకెళ్ళిపోయి తన ముగింపు తనే రాసుకుంది. నన్నయ వదిలేసిన అరణ్యపర్వానికి ఎర్రన దొరికాడు గానీ, దీనికి ఏ ఎర్రనా కనుచూపు మేరలో లేడు.

ఇక సీలు విప్పాక. మొదటి పుస్తకంలో మ్యాపు నల్లగా అలుక్కుపోయింది, ఒక్క ఊరి పేరూ చదవలేం. ఈ కథలో మనుషులు ఉత్తరాన గోడ నుంచి దక్షిణాన రాజధాని దాకా తిరుగుతూనే ఉంటారు, మ్యాపు లేకపోతే ఎవరు ఎటు పోతున్నారో తెలియదు. చివర ఉండాల్సిన వంశాల పట్టిక ఎత్తేశారు. రెండు వందల పేర్లు గుర్తుంచుకోవాల్సిన పుస్తకానికి అది లేకపోవడం ఎంత నరకమో చదివినవాళ్ళకే తెలుస్తుంది. అసలు దెబ్బ మూడో నవల మొదటి భాగంలో. 288వ పేజీ తిప్పితే మళ్ళీ 257 వచ్చింది. ఒకే ఫారం (కలిపి అచ్చేసే 32 పేజీల కట్ట) రెండుసార్లు పెట్టి బైండు చేసి, తర్వాతి ఫారం వదిలేశారు. 32 పేజీలు గల్లంతు, నేరుగా 321. ఇందులో ఒక్కో అధ్యాయం ఒక్కో పాత్ర కళ్ళతో నడుస్తుంది. నేను ఒకరి అధ్యాయంలో మునిగి ఇంకొకరి అధ్యాయం నడిమధ్యలో తేలాను. అదీ మంచి టెన్షన్ మీద ఉండగా!

తీసుకెళ్ళి చూపిస్తే “సీలు తీసింది వాపస్ తీసుకోం సార్” అన్నాడు. సీలు తీయకుండా లోపల పేజీలు ఎలా చూడాలో మాత్రం చెప్పలేదు. బిల్లు అడిగితే నవ్వాడు. బిల్లిచ్చే షాపులో ఇలా జరిగితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. ఫుట్‌పాత్ సరుక్కి ఆ దారి దాదాపు మూసుకుపోయినట్టే.

కొనేవాళ్ళు సీలు విప్పి చూపించమని గట్టిగా అడగండి. ఒప్పుకోకపోతే వదిలేయండి. వెనక అట్ట మీద బార్‌కోడ్ దగ్గరుండే ఐ.ఎస్.బి.ఎన్. (పుస్తకాన్ని గుర్తుపట్టే నంబరు), లోపల కాపీరైట్ పేజీలోదీ ఒకటేనా చూడండి. మ్యాపు దగ్గర ఆగండి, నకిలీ కాపీ అక్కడే దొరికిపోతుంది.

నవల మీద నా అభిప్రాయం కూడా చెప్పాలిగా. మొదటి మూడూ అద్భుతం, మంచివాడు గెలుస్తాడన్న ధీమాతో చదివేవాళ్ళని కుర్చీలోంచి పడేస్తాయి. నాలుగోది నాకు నచ్చలేదు. ముఖ్య పాత్రలైన టిరియన్, జాన్ స్నో, డెనేరిస్, ఈ ముగ్గురికీ అందులో ఒక్క అధ్యాయం కూడా లేదు. అదే కాలంలో జరిగే వాళ్ళ కథని ఐదోదానిలోకి నెట్టేశాడు. ఆ ఐదోది రావడానికి అప్పటి పాఠకులు 2005 నుంచి 2011 దాకా కాచుకున్నారు, వాళ్ళ ఓపికకి దండం. అందుకే సెట్టు జోలికి పోకుండా మొదటిది ఒక్కటే ఒరిజినల్ కొనండి. నచ్చితే రెండోది, అలా. లేదా లైబ్రరీలో తెచ్చుకోండి.

మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు ఎవరి దగ్గరైనా మూడో నవల మొదటి భాగం ఒరిజినల్ ఉంటే చెప్పండి. పుస్తకం ఇవ్వక్కర్లేదు, మీ ఇంటికొచ్చి ఆ 32 పేజీలు చదువుకుని పోతాను.